సచేతన స్వప్నం

సచేతన స్వప్నం అనగా, నిద్రిస్తున్న వ్యక్తి తాను చూస్తున్నది కల అని ఆ కలలోనే గుర్తించగలిగిన స్వప్నం. ఆంగ్లంలో దీనిని లూసిడ్ డ్రీమ్ అంటారు. తెలుగులో "ఎరుక గల కల" అని కూడా చెప్పవచ్చు. సాధారణ స్వప్నంలో ఎంత అసంభవమైన సంఘటన జరిగినా దానిని నిజమనే నమ్ముతాము; మెలకువ వచ్చిన తరువాతనే అది కల అని తెలుస్తుంది. సచేతన స్వప్నంలో ఈ తెలివి కల నడుస్తుండగానే కలుగుతుంది.

ఇటువంటి కలలు మిక్కిలి స్పష్టంగా ఉండుట వలన, అవి పూర్వజన్మలనో, వేరొక లోకాన్నో, రాబోయే కాలాన్నో చూపుతున్నాయని అనేక సమాజాలలో విశ్వాసం ఉన్నది. ఇక్కడ రెండు ప్రశ్నలను వేరు చేసి చూడవలసి ఉంటుంది. కలలో ఎరుక కలుగుట సాధ్యమేనా అన్నది మొదటి ప్రశ్న. ఆ ఎరుకతో చూసినది కలకు వెలుపల నిజంగా ఉన్నదా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు 1975 తరువాత ప్రయోగశాలలలో "అవును" అనే సమాధానం లభించింది. రెండవ ప్రశ్నకు అటువంటి రుజువు ఇంతవరకు లభించలేదు.

పేరు, లక్షణాలు

"లూసిడ్ డ్రీమ్" అనే పదాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు డచ్ రచయిత, మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. ఆయన తన కలలను ఏళ్ళ తరబడి వ్రాసి పెట్టుకొని, 1913లో ప్రచురించిన వ్యాసంలో వాటిని రకాలుగా విభజించాడు. అందులో 1898 నుండి 1912 వరకు తనకు వచ్చిన 352 సచేతన స్వప్నాలను పేర్కొన్నాడు. అంతకు ముందే 1867లో ఫ్రాన్సు దేశపు చైనా భాషా పండితుడు హెర్వే ద సాన్-దెనీ, కలలను గురించి, వాటిని నడిపించే మార్గాలను గురించి ఒక గ్రంథం వెలువరించాడు.

సచేతన స్వప్నానికి ముఖ్య లక్షణం ఎరుక మాత్రమే, అదుపు కాదు. కొందరు కల కథను మార్చగలుగుతారు, ఎగరగలుగుతారు, కోరిన చోటికి పోగలుగుతారు. మరికొందరు "ఇది కల" అని తెలిసినా దానిని ప్రేక్షకులవలె చూస్తూ ఉంటారు. రెండూ సచేతన స్వప్నాలే.

50 సంవత్సరాల పరిశోధనలను క్రోడీకరించి 2016లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇటువంటి కల వచ్చింది. నెలకు ఒకటి లేదా అంతకన్న ఎక్కువగా వచ్చేవారు సుమారు 23 శాతం. కనుక ఇది యోగులకు మాత్రమే కలిగే అనుభవం కాదు, రోగ లక్షణం కూడా కాదు.

భారతీయ చింతనలో స్వప్నం

భారతీయ తత్త్వశాస్త్రంలో స్వప్నానికి ప్రత్యేక స్థానం ఉన్నది. 12 మంత్రాలు మాత్రమే గల మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయ అనే నాలుగు స్థితులను వివరిస్తుంది. స్వప్నావస్థలోని ఆత్మకు తైజసుడు అని పేరు. అతని ఎరుక బయటి వస్తువుల వైపు గాక లోపలి వైపు తిరిగి ఉంటుంది.

బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి చేసిన బోధలో, స్వప్నం ఇహలోకానికి, పరలోకానికి నడుమ నున్న సంధి స్థానమని, అక్కడ నిలిచి పురుషుడు రెండింటినీ చూస్తాడని ఉన్నది. కలలు ఇతర లోకాలను చూపుతాయనే భావానికి ఇది ప్రాచీనమైన ఆధారం. అయితే ఆ వెంటనే అదే బోధలో, కలలో కనిపించే రథాలు, గుర్రాలు, బాటలు అక్కడ లేవని, చూచేవాడే వాటిని సృష్టించుకుంటాడని కూడా చెప్పబడింది. ఈ రెండు భావాలూ ఒకే చోట ఉండుట గమనించదగినది.

గౌడపాదాచార్యులు మాండూక్య కారికలలోని వైతథ్య ప్రకరణంలో, కలలోని వస్తువులు సత్యం కావని చెప్పుటకు తర్కబద్ధమైన కారణాలు చూపారు. కలలో కనిపించే పర్వతాలకు, ఏనుగులకు దేహం లోపల చోటు లేదు. దూరదేశానికి పోయి రావడానికి తగిన కాలం లేదు. మేలుకొన్నవాడు తాను కలలో ఉన్న చోట కనబడడు. అనగా కలను వెలుపలి కొలతలతో పోల్చి పరీక్షించడం మన సంప్రదాయంలోనే ఉన్నది. ఆ తరువాత ఆయన అదే వాదాన్ని జాగ్రదవస్థకు కూడా వర్తింపజేసి, మేలుకొని చూచే ప్రపంచం సైతం పరమార్థం కాదని ప్రతిపాదించారు.

బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరాచార్యులు ఈ రెండు అవస్థల భేదాన్ని స్పష్టం చేశారు. కలలో చూసినది మేలుకొనగానే బాధితమవుతుంది, అనగా తప్పని తేలిపోతుంది. మెలకువలో చూసిన స్తంభం అట్లు తేలిపోదు. కల జ్ఞాపకానికి సంబంధించినది, మెలకువ ప్రత్యక్షానికి సంబంధించినది. అయితే మూడవ అధ్యాయంలో కల మాయామాత్రమని చెప్పిన పిమ్మట, అది శుభాశుభాలను సూచించవచ్చునని కూడా సూత్రకారుడు అంగీకరించాడు.

పతంజలి యోగసూత్రాలలో, స్వప్న నిద్రల జ్ఞానాన్ని ఆలంబనంగా చేసుకొని మనస్సును నిలుపవచ్చునని ఒక సూత్రం ఉన్నది. యోగవాసిష్ఠంలోని శతరుద్రుల కథలో ఒక భిక్షువు జీవటుడనే మనిషిగా, ఆ జీవటుడు కలలో బ్రాహ్మణుడిగా, ఇట్లు కలలో కలగా అనేక జన్మలు పొంది చివరకు రుద్రుడవుతాడు. ఒక కలలోనే మరొక జీవితమంతా గడచిపోవచ్చుననే ఊహకు మన సాహిత్యంలో ఇది చక్కని ఉదాహరణ.

భాగవతంలోని ఉషాపరిణయ కథ కూడా ఇక్కడ స్మరింపదగినది. బాణాసురుని కుమార్తె ఉష కలలో ఒక యువకుని చూస్తుంది. చెలికత్తె చిత్రరేఖ అనేకుల చిత్రాలు గీసి చూపగా, ఉష అనిరుద్ధుని గుర్తిస్తుంది. ఇది పురాణ కథయే అయినా, కలలోని రూపాన్ని వెలుపలి ఆధారంతో సరిచూడవలెనన్న ఆలోచన ఇందులో ఉన్నది.

ఇతర దేశాలలో

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, నిద్రలో ఉన్నప్పుడు కూడా కనిపిస్తున్నది కల మాత్రమే అని మనస్సులో ఏదో చెప్పడం కద్దని వ్రాశాడు. చైనాలో క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దికి చెందిన జువాంగ్జి, తాను సీతాకోకచిలుకగా మారినట్లు కలగని మేలుకొన్న పిమ్మట, తాను సీతాకోకచిలుకను కలగన్న మనిషా, మనిషిని కలగంటున్న సీతాకోకచిలుకా అని ప్రశ్నించినట్లు ప్రసిద్ధి.

క్రీ.శ. 415లో సెయింట్ అగస్టీన్ వ్రాసిన ఒక లేఖలో జెన్నాడియస్ అనే వైద్యుని కల వర్ణించబడింది. మరణానంతర జీవితాన్ని సందేహించిన ఆ వైద్యునికి కలలో ఒక యువకుడు కనిపించి, "ఇప్పుడు నీ శరీరం ఎక్కడ ఉన్నది?" అని అడుగుతాడు. పడకమీద ఉన్నదని జెన్నాడియస్ బదులిస్తాడు. కన్నులు మూసి ఉన్నా చూడగలుగుతున్నావు గనుక, దేహం పోయిన తరువాత కూడా జీవించి చూడగలవని యువకుడు బోధిస్తాడు. సచేతన స్వప్నాన్ని పరలోకానికి సాక్ష్యంగా వినియోగించిన తొలి లిఖిత సందర్భాలలో ఇది ఒకటి.

టిబెట్ బౌద్ధంలో, 11వ శతాబ్దపు నారోపా పేరిట ప్రసిద్ధమైన ఆరు యోగాలలో స్వప్నయోగం ఒకటి. అందులో కలను కలగా గుర్తించడం మొదటి మెట్టు. వింతలు చూడటం దాని పరమ లక్ష్యం కాదు. కల ఎట్లు భ్రమయో మెలకువలోని అనుభవమూ అట్లే భ్రమ అని తెలుసుకొని ఆసక్తిని వదలుకొనుటయే లక్ష్యం.

ప్రయోగశాలలో నిరూపణ

1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను వర్ణించారు. దీనిని రెమ్ నిద్ర అంటారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. ఈ సమయంలో కాళ్ళు, చేతుల కండరాలు దాదాపు చచ్చుబడినట్లుగా ఉంటాయి. అందువలననే కలలో పరుగెత్తినా మంచం మీద నుండి లేవము. కనుగుడ్లను కదిలించే కండరాలకు, శ్వాసకు తోడ్పడే ఉదరవితానానికి మాత్రం ఈ అడ్డు లేదు.

అయినప్పటికీ, కలలో ఎరుక అన్నమాట పరస్పర విరుద్ధమని చాలాకాలం పలువురు భావించారు. అమెరికన్ తత్త్వవేత్త నార్మన్ మాల్కమ్ 1959లో ప్రచురించిన గ్రంథంలో, నిద్రిస్తున్నవాడు "నేను కలగంటున్నాను" అని తీర్పు చెప్పడం అర్థంలేని మాట అని వాదించాడు. మేలుకొన్న తరువాత చెప్పే మాట తప్ప వేరే సాక్ష్యం లేనంతవరకు ఈ వాదాన్ని ఖండించడం కష్టమే.

కనుగుడ్ల కదలికయే ఈ చిక్కును విడదీసింది. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు, తరచుగా సచేతన స్వప్నాలు పొందే ఆలన్ వర్స్‌లీతో ముందుగానే ఒక సంకేతం నిర్ణయించుకున్నాడు. కలలో ఎరుక కలుగగానే కన్నులను ఎడమకు, కుడికి పలుమార్లు కదిలించడమే ఆ సంకేతం. 1975 ఏప్రిల్ 12న వర్స్‌లీ రెమ్ నిద్రలో ఉండగానే ఆ సంకేతం యంత్రంలో నమోదయింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లబెర్జ్ స్వతంత్రంగా ఇదే పద్ధతిని రూపొందించి, 1981లో ఫలితాలను ప్రచురించాడు. నిద్రిస్తున్నవాడు కల లోపలి నుండి పంపిన సంకేతాన్ని మెలకువగా ఉన్న ఇతరులు చూచి సరిపోల్చుకొనుట ఇందులోని విశేషం.

2021లో ప్రచురితమైన పరిశోధనలో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల బృందాలు మరొక అడుగు ముందుకు వేశాయి. నిద్రిస్తున్నవారిని చిన్న చిన్న కూడికలు, తీసివేతలు అడుగగా, కొందరు కల లోపలి నుండే కనుగుడ్ల కదలికలతోను, ముఖ కండరాల కదలికలతోను జవాబిచ్చారు. ఉదాహరణకు 8లో నుండి 6 పోతే ఎంత అని అడిగినప్పుడు, రెండుసార్లు కదిలించి జవాబు తెలిపారు. మొత్తం 158 ప్రయత్నాలలో సుమారు 18 శాతం సరియైన జవాబులు. 60 శాతానికి పైగా ప్రయత్నాలలో జవాబే రాలేదు. తప్పు జవాబులు 3 శాతం మాత్రమే, తక్కినవి అస్పష్టమైనవి.

మెదడులో జరిగేది

2011లో జర్మనీలో జరిగిన ప్రయోగంలో, సచేతన స్వప్నంలో పిడికిలి బిగించినప్పుడు, నిజంగా బిగించినప్పుడు పనిచేసే మెదడు భాగమే చైతన్యవంతమైనట్లు కనబడింది. 2018 నాటి మరొక ప్రయోగంలో, కలలో కదులుతున్న వస్తువును చూపుతో వెంబడించినప్పుడు కన్నుల కదలిక ఊహించినప్పటి వలె గాక, నిజంగా చూచినప్పటి వలె సాఫీగా ఉన్నది. కల ఎందుకు అంత నిజమనిపిస్తుందో ఇందువలన కొంత తెలుస్తుంది. చూపుకు, కదలికకు మెదడు వాడే యంత్రాంగమే కలలోనూ పనిచేస్తున్నది.

కలలో కాలం విషయం కూడా పరీక్షించబడింది. సచేతన స్వప్నంలో అంకెలు లెక్కపెట్టడానికి మెలకువలో పట్టే కాలమే సుమారుగా పట్టింది. శరీర శ్రమ గల పనులకు కలలో కొంత ఎక్కువ కాలమే పట్టింది. క్షణంలో సంవత్సరాలు గడచినట్లు తోచడం, కథలో రోజులు దాటించినట్లుగా సన్నివేశాలు మారుట వలన కావచ్చును.

సచేతన స్వప్న సమయంలో మెదడు ముందరి భాగంలో ప్రత్యేకమైన వేగవంతమైన విద్యుత్ తరంగాలు హెచ్చుతాయని 2009లో ఒక పరిశోధన తెలిపింది. అయితే 2022 నాటి పరిశోధనలో ఆ తేడా కనిపించలేదు. ఎరుక కలిగించే నిర్దిష్ట మార్పు ఏది అన్నది ఇంకను పరిశోధనలో ఉన్న విషయం.

కలలు ఇతర జీవితాలను, లోకాలను చూపుతాయా?

భవిష్యత్ సూచన: 1932 మార్చి 1న అమెరికాలో ప్రసిద్ధ విమాన చాలకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డ అపహరణకు గురయ్యాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ మర్రే, డి.ఆర్. వీలర్, బిడ్డను గురించి వచ్చిన కలలను పంపవలసిందిగా పత్రికల ద్వారా ప్రజలను కోరారు. శవం దొరకక మునుపే 1300కు పైగా కలలు చేరాయి. మే 12న బిడ్డ శవం అడవిలో లోతులేని గోతిలో దొరికింది. వచ్చిన కలలలో బిడ్డ మరణించినట్లు చూపినవి సుమారు 5 శాతం. చెట్ల మధ్య భూమిలో పూడ్చినట్లు సూచించినవి పదిలోపే. దొరికిన స్థితికి దగ్గరగా వచ్చిన కల ఒక్కటి మాత్రమే విన్నవారికి అది దివ్యదృష్టిగా తోస్తుంది. మిగిలిన వెయ్యికి పైగా కలలను ప్రక్కన పెట్టి చూస్తేనే దాని స్థానం తెలుస్తుంది.

ఈ విషయాన్ని లెక్కతో కూడా పరిశీలించవచ్చు. ఒక రాత్రి వచ్చిన కల కాకతాళీయంగా నిజమయ్యే అవకాశం పదివేలలో ఒకటి అనుకుందాము. పది లక్షల జనాభా గల నగరంలో ప్రతి ఒక్కరికి దినమునకు ఒక కల చొప్పున గుర్తుంటే, ఒక సంవత్సరంలో సుమారు 36 వేల మందికి కనీసం ఒక కల "నిజమవుతుంది". వారిలో ప్రతి ఒక్కరికీ అది అద్భుతమే. నగరం మొత్తానికి అది ఊహింపదగినదే.

టెలిపతి: న్యూయార్కు నగరంలోని మైమానిడీస్ వైద్య కేంద్రంలో 1960, 70 దశకాలలో మాంటేగ్ ఉల్‌మన్, స్టాన్లీ క్రిప్నర్, మెలకువగా ఉన్న వ్యక్తి చూస్తున్న చిత్రం నిద్రిస్తున్నవారి కలలోకి వస్తుందా అని ప్రయోగాలు చేశారు. కొన్ని అనుకూల ఫలితాలు ప్రకటించారు. 1971లో ఇతర పరిశోధకులు జరిపిన పునఃప్రయోగంలో అట్టి ఫలితం రాలేదు. ఎవరు చేసినా మరల మరల వచ్చే ఫలితం లభించనందున శాస్త్రలోకం దీనిని అంగీకరించలేదు.

పూర్వజన్మ: వర్జీనియా విశ్వవిద్యాలయ మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ పూర్వజన్మను గురించి చెప్పిన పిల్లల ఉదంతాలను భారతదేశంతో సహా అనేక దేశాలలో సేకరించాడు. అవి ప్రధానంగా పిల్లలు మెలకువలో చెప్పిన మాటలు. గర్భవతులకు, బంధువులకు వచ్చిన కలలు వాటిలో ఒక భాగం మాత్రమే. 1966లో ప్రచురించిన తన గ్రంథం పేరులో ఆయన పునర్జన్మను "సూచించే" ఉదంతాలని అన్నాడే గాని, నిరూపించేవి అనలేదు. ఎరుగని ఊరు, ఎరుగని ఇల్లు కలలో కనిపించినప్పుడు, చిన్ననాడు విన్న మాటలు, చూసిన సినిమాలు, చదివి మరచిన కథలు దానికి మూలం కావచ్చును. ఎక్కడ తెలుసుకున్నామో మరచిపోయి, విషయం మాత్రం మిగలడం జ్ఞాపకశక్తికి సహజం.

దేహం వెలుపలి అనుభవం: నిద్ర అంచున దేహం విడిచి తేలినట్లు కొందరికి అనిపిస్తుంది. 2002లో స్విట్జర్లాండ్‌లో మూర్ఛరోగికి చికిత్స సందర్భంగా మెదడు కుడి ప్రక్కన ఒక చోట స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేయగా, ఆమెకు తన దేహాన్ని పైనుండి చూస్తున్నట్లు తోచింది. మేలుకొన్నా దేహం కదలక, గుండెల మీద ఏదో కూర్చున్నట్లు భయం కలగడం నిద్రా పక్షవాతం. రెమ్ నిద్రలోని కండరాల నిశ్చలత మెలకువ వచ్చిన తరువాత కూడా కొద్దిసేపు నిలిచి ఉండటమే దీనికి కారణం.

కలలోని పాత్రలు: కలలో కలిసేవారు స్వతంత్ర వ్యక్తులా అనే విషయాన్ని కూడా పరీక్షించారు. 2011లో ప్రచురితమైన పరిశోధనలో సచేతన స్వప్నాలలో నిపుణులైన 12 మంది, కలలోని పాత్రలను చిన్న లెక్కలు అడిగారు. పాత్రలు మూడింట ఒక వంతు మాత్రమే సరిగా చెప్పగలిగాయి.

వీటివలన పరలోకం లేదని గాని, పునర్జన్మ లేదని గాని నిరూపణ కాదు. ఆ విశ్వాసాలకు వేరే ఆధారాలు, వేరే చర్చలు ఉన్నాయి. కల ఎంత స్పష్టంగా ఉన్నదన్నది మాత్రం వాటికి సాక్ష్యం కాజాలదు. వర్స్‌లీ కన్నుల సంకేతాన్ని ఇతరులు సరిచూడగలిగినట్లే, వేరొక జీవితాన్ని చూశామనే కల కూడా ముందుగా వ్రాసిపెట్టిన, ఇతరులు సరిచూడగల వివరం ఇవ్వవలసి ఉంటుంది.

కలలో లభించిన భావాలు

కల వెలుపలి లోకాన్ని చూపకపోయినా వ్యర్థం కాదు. నరాల నుండి గుండెకు సందేశం రసాయనం ద్వారా చేరుతుందని నిరూపించే ప్రయోగ విధానం ఆటో లోవీకి నిద్రలో స్ఫురించింది. మొదటి రాత్రి వ్రాసుకున్న గీతలు మరునాడు ఆయనకే అర్థం కాలేదు. మరుసటి రాత్రి అదే భావం మరల రాగా లేచి, ప్రయోగశాలకు పోయి కప్ప గుండెలపై పరీక్షించాడు. ఆ కృషికి 1936లో నోబెల్ బహుమతి లభించింది. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ నామక్కల్ నామగిరి దేవి కలలో సూత్రాలు చూపుతుందని చెప్పేవాడు. గణిత లోకం ఆ సూత్రాలను స్వీకరించినది రుజువు నిలిచినందువలననే.

తెలుగు సాహిత్యంలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అవతారికలో, కళింగ దండయాత్ర సందర్భంగా కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఉపవసించిన రాత్రి ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రచింపుమని ఆదేశించినట్లు చెప్పుకున్నాడు. కల ప్రేరణ ఇచ్చింది. కావ్యం మెలకువలోని కృషితో నిలిచింది.

అభ్యాస పద్ధతులు

* స్వప్న దినచర్య: మేలుకొనగానే తేదీ వేసి కలను వ్రాయడం. దీనివలన కలలు బాగా గుర్తుంటాయి. ఒక కల తరువాత నిజమైనదో లేదో సరిచూచుటకు కూడా ఇదే ఆధారం.
* స్థితి పరీక్ష: పగటివేళ "ఇది కలా?" అని నిజంగా ప్రశ్నించుకోవడం, ఒక వాక్యం చదివి చూపు మరల్చి తిరిగి చదవడం. కలలో అక్షరాలు తరచుగా మారిపోతాయి.
* సంకల్పం: సుమారు ఐదు గంటల నిద్ర తరువాత కొద్దిసేపు మేలుకొని, మరల కల వచ్చినప్పుడు అది కల అని గుర్తించాలని సంకల్పించి పడుకొనడం. ఇది లబెర్జ్ రూపొందించిన పద్ధతి.

ఉపయోగాలు, జాగ్రత్తలు

మరల మరల వచ్చే పీడకలలతో బాధపడేవారికి, "ఇది కలే" అని తెలిసినంతనే భయం తగ్గవచ్చు. 2006లో నెదర్లాండ్స్‌లో 23 మందితో జరిపిన ప్రాథమిక అధ్యయనంలో, ఈ శిక్షణ పొందినవారికి పీడకలలు తగ్గినట్లు తేలింది.

రాత్రి మధ్యలో లేచే అభ్యాసాలు నిద్రకు భంగం కలిగిస్తాయి కనుక, విద్యార్థులు పరీక్షల రోజులలో వీటి జోలికి పోకుండుట మంచిది. కలకు, నిజానికి భేదం తెలియక బాధపడేవారు, భ్రాంతులు కలిగించే మానసిక వ్యాధులు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ప్రయత్నించరాదు. కలలో చూసిన దానిని ఆధారం చేసుకొని ఒకరిని అనుమానించడం, వైద్యం మానుకొనడం, ధనం వెచ్చించడం వంటి నిర్ణయాలు తీసుకొనక ముందు, మేలుకొని ఉన్నప్పుడు సరిచూడగల ఆధారం ఉన్నదో లేదో విచారించుకొనుట అవసరం.

ఇవి కూడా చూడండి

* కల
* నిద్ర
* మాండూక్యోపనిషత్తు
* యోగవాసిష్ఠం
* పునర్జన్మ